బారోంగ్ అంగీ పుట్టుక: ప్రచారంలో ఉన్న కథకు ఆధారం లేదు

సంపాదకులకు నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో ఫిలిప్పీన్స్ సంప్రదాయ వస్త్రాలపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ధర్మవరం పట్టు తప్ప మరో నేత ఊసెత్తని మా అనంతపురం పాఠకులకు అంత దూరదేశపు మగ్గాన్ని పరిచయం చేసినందుకు అభినందనలు. అయితే అందులో ఒక విషయాన్ని సరిదిద్దవలసి ఉంది. స్థానికులు బట్టల్లో ఆయుధాలు దాచుకోకుండా పలుచని గుడ్డతోనే అంగీలు కుట్టించుకోవాలని, వాటిని నడుములోకి దోపుకోకుండా వదిలేయాలని స్పానిష్ పాలకులు శాసించారని, అక్కడి పురుషుల సంప్రదాయ అంగీ అయిన బారోంగ్ తగలోగ్ ఆ విధంగానే పుట్టిందని వ్యాసకర్త రాశారు. ఈ కథ ఫిలిప్పీన్స్‌లోనూ విరివిగా వినిపిస్తుంది. కానీ అటువంటి శాసనాన్ని చూపినవారు లేరు. ఆ దేశపు వేషధారణ చరిత్రను పరిశోధించినవారు దీనిని కట్టుకథగానే పరిగణిస్తున్నారు.

ఉన్న ఆధారాలు వేరే మాట చెబుతున్నాయి. మనీలాలో స్పెయిన్ అధికారిగా పనిచేసిన ఆంటోనియో దె మోర్గా 1609లో ప్రచురించిన గ్రంథంలో, అక్కడి పురుషులు నడుము దిగువ వరకు వచ్చే, కాలరు లేని పొట్టి చేతుల అంగీలు తొడుక్కునేవారని వర్ణించాడు. అంటే అంగీని వదులుగా పైకి వదిలేయడం పరాయి పాలకులు నేర్పిన అలవాటు కాదు. ఆ ఉక్కలో, ఆ తేమలో ఎవరైనా అలాగే తొడుక్కుంటారు. 19వ శతాబ్దపు తొలి దశకాలలో మనీలా చిత్రకారుడు దమియాన్ దొమింగో వేసిన నీటిరంగుల బొమ్మలు ఇంకా విలువైన సాక్ష్యం. వాటిలో ఊరిపెద్దలు, కలిగినవారు కుట్టుపని నిండిన పలుచని అంగీలను పైకి వదిలి, తలపై టోపీలతో దర్జాగా కనిపిస్తారు. అనుమానంతో విధించిన ఆంక్షే అయితే, దాని మీద అంత డబ్బు పోసి పూలు కుట్టించుకునే అవసరం వారికి ఏముంటుంది?

ఆ డబ్బు దేనికయ్యేదో మీ వ్యాసంలో రెండు వాక్యాలలో ముగించడం నాకు లోటుగా తోచింది. మేలురకం బారోంగులకు వాడే పిన్యా బట్టను అనాస ఆకుల నారతో నేస్తారు. ముదిరిన ఆకును పలకపై పరచి, పగిలిన పింగాణీ పళ్లెం అంచుతో గీకితే ముందు ముతక నార వస్తుంది. ఆపైన కొబ్బరి చిప్పతో గీకితే లోపలి సన్నని నార బయటపడుతుంది. దానిని కడిగి, ఆరబెట్టి, వెంట్రుకల వంటి పోగులను ఒకదాని కొసకు మరొకటి చేత్తో ముడివేసుకుంటూ పోతే తప్ప మగ్గానికి సరిపడే దారం తయారు కాదు. ఈ నేతకు పేరుపొందిన అక్లాన్ రాష్ట్రంలోని కాలిబో పరిసరాల పనితనాన్ని 2023లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నేసిన గుడ్డ మీద కుట్టుపనికి లగూనాలోని లుంబాన్, బతంగాస్‌లోని తాల్ పట్టణాలు ప్రసిద్ధి. 1953లో రమోన్ మగ్సేసే బారోంగ్ ధరించి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన తరువాత దాని హోదా మరింత పెరిగింది.

అయితే అనాస ఆ దేశపు మొక్క కాదు. స్పానిష్ వారి వెంట అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1565 నుంచి 1815 వరకు మనీలాకు, మెక్సికోలోని అకపుల్కోకు నడుమ తిరిగిన ఓడలలో చైనా పట్టుతో పాటు మన కోరమాండల్ తీరపు నూలుబట్టలు కూడా వెళ్లాయి. మనీలా రేవులో ఆంగ్లేయులకు ప్రవేశం లేనందున, మద్రాసు వర్తకులు ఆర్మీనియన్ల పేర్లతోనూ ఇతర ఆసియా వ్యాపారుల పేర్లతోనూ ఓడలు పంపేవారు. ఇన్ని చేతులు పడిన వస్త్ర చరిత్రను ఒక్క క్రూర శాసనంతో తేల్చివేస్తే, గీకిన చేతులూ నేసిన చేతులూ కథలోంచి తొలగిపోతాయి, పాలకుడొక్కడే మిగులుతాడు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

మన దగ్గరా ఇదే జరుగుతోంది. ఆంగ్లేయులు మస్లిన్ నేతగాళ్ల బొటనవేళ్లు నరికించారని తరగతి గదుల్లో చెబుతూనే ఉన్నాం. 1772లో, ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన విలియం బోల్ట్స్ రాసినదేమిటంటే, బెంగాల్‌లో పట్టుదారం తీసేవారు ఆ వెట్టి నుంచి తప్పించుకోవడానికి తమ వేళ్లు తామే కోసుకున్న సందర్భాలు ఉన్నాయని. కంపెనీ దౌర్జన్యం దీనితో తగ్గదు సరికదా, మరింత భయంకరంగా కనిపిస్తుంది.

కాబట్టి ఆ వాక్యానికి వచ్చే వారం సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఈ శీర్షికను కొనసాగించే ఆలోచన ఉంటే, దొమింగో బొమ్మలకు దీటైన సాక్ష్యం మనకు లేపాక్షిలో ఉంది. 16వ శతాబ్దపు వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలలో స్త్రీల చీరల గళ్లూ, చారలూ, అంచులూ ఇప్పటికీ చాలావరకు గుర్తుపట్టవచ్చు. వాటిని ఒక ధర్మవరం నేతకారుడికి చూపించి, వాటిలో ఏవి తన మగ్గం మీద సాధ్యమో, ఏవి అద్దకమై ఉంటాయో అడిగి, ఆయన చెప్పినది ఆయన పేరుతోనే ప్రచురించండి.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
అనంతపురం