ఆదివారం లైబ్రరీకి అగ్గిపుల్లలు తెండి

అందరికీ నమస్కారం. మన పిల్లల లైబ్రరీలో కథల పుస్తకాలు నిండుగా ఉన్నాయి, సైన్సువి మాత్రం నాలుగే. అందుకే ఈ వారం అరవింద్ గుప్తా గారి పుస్తకాలు ప్రింట్ తీసి తెస్తున్నాను. కాన్పూర్ ఐఐటీలో చదివి, పారేసే వస్తువులతో బొమ్మలు చేస్తూ సైన్సు నేర్పిన మనిషి. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలూ ఉచితంగానే దొరుకుతాయి.

నిన్న మా పాప అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి చతురస్రం చేసింది. నొక్కితే పక్కకి ఒరిగిపోయింది. త్రిభుజం చేస్తే అస్సలు కదల్లేదు! కిటికీలోంచి సెల్ టవర్ చూపించి, దానికి అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో తనే నాకు చెప్పింది. ఎంత సంతోషమేసిందో!

మీరూ మందు గీకేసిన అగ్గిపుల్లలు, పాత ట్యూబు ముక్కలు తీసుకుని రండి. ట్యూబు పెద్దవాళ్లే కత్తిరించి ఉంచండి.