కథ నచ్చక కాదు, మీరు వినిపించుకోక రాస్తున్నాను

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ‘ఫ్రీరెన్’ యానిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) తెలుగు సబ్‌టైటిళ్ల గురించి ఐదోసారి ఫిర్యాదు

అయ్యా,

నా ఫిర్యాదును మీవాళ్లు ఇప్పటికి నాలుగుసార్లు మూసేశారు. నాలుగోసారి మూస్తూ రాసిన కారణం: “వినియోగదారుకు కంటెంట్ నచ్చలేదు.” ఆ ఒక్క ముక్క వల్లే ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సి వస్తోంది. కంటెంట్ నచ్చలేదని నేను ఎక్కడా అనలేదు, రాయలేదు. నేను చెప్పింది ఒకటి, మీవాళ్లు రాసుకున్నది ఇంకొకటి.

మొదటిసారి చాట్‌లో చెప్పాను: అక్షరాలు మాటల కంటే ముందే వచ్చేస్తున్నాయి, పేర్లు తప్పు, ఒకే మంత్రానికి మూడు పేర్లు. “యాప్‌లోంచి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి” అన్నారు. అయ్యాను. “క్యాష్ క్లియర్ చేయండి.” చేశాను. “యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి.” అదీ చేశాను. అనువాదం తప్పుగా ఉంటే క్యాష్ క్లియర్ చేస్తే సరిపోతుందా అని అడిగాను. జవాబు రాలేదు. పది నిమిషాల తర్వాత “మీ సమస్య పరిష్కారమైంది” అని మెసేజ్ వచ్చింది, ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్పమంటూ.

రెండోసారి ఫోన్ చేశాను. తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే కలిసింది హిందీ మాట్లాడే ఆయనకు. తెలుగు సబ్‌టైటిళ్లలో తప్పులను తెలుగు చదవడం రాని మనిషికి ఎలా చెప్పాలి? తెలుగువాళ్లకు కలపమంటే లైన్‌లో ఉండమన్నారు. నలభై నిమిషాలు సంగీతం విన్నాక కలిసినావిడ మొదటి మాట, “ఏ కార్టూన్ అండీ?” మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. అంతా విని స్క్రీన్‌షాట్లు పంపమన్నారు. మీ యాప్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే నల్లటి తెర తప్ప ఏమీ రాదు, కాపీ రక్షణ కోసం మీరే అలా పెట్టారు. ఆ సంగతి ఆవిడకు తెలియదు. వేరే ఫోన్‌తో టీవీ తెరను ఫొటోలు తీసి, 14 పంపాను. ఒక్కోదాని కింద ఎపిసోడ్ నంబరు, నిమిషం, సెకను రాశాను. మూడు రోజులకు జవాబు: “ఫొటోలు స్పష్టంగా లేవు.” రెండో ఫిర్యాదు కూడా మూసేశారు.

మీరు ఆ ఫొటోలు తెరిచి చూడలేదు కాబట్టి వాటిలో ఏముందో ఇక్కడే రాస్తున్నాను. ఈ సిరీస్‌లో ఏది బలం, ఏది బలహీనత, ఏది మీ తప్పు, మూడూ వేరువేరుగా చెబుతాను. అప్పుడైనా ‘నచ్చలేదు’ అన్న ముద్ర తీసేస్తారని.

ఫ్రీరెన్ వెయ్యేళ్లు దాటిన ఎల్ఫ్ (వేల ఏళ్లు బతికే కల్పిత జాతి) మాంత్రికురాలు. వీరుడు హిమ్మెల్, పూజారి హైటర్, మరుగుజ్జు యోధుడు ఐజెన్‌తో కలిసి పదేళ్లు తిరిగి రాక్షసరాజును చంపింది. ఆమెకు ఆ పదేళ్లు రెప్పపాటు. యాభై ఏళ్ల తర్వాత హిమ్మెల్ ముసలివాడై చనిపోతే, ఆయన గురించి తనకు ఏమీ తెలియదని అంత్యక్రియల దగ్గర ఏడుస్తుంది. కథ అక్కడ మొదలవుతుంది. అందుకే ఇందులో తేదీలను హిమ్మెల్ మరణం నుంచి లెక్కపెడతారు. ‘వీరుడు హిమ్మెల్ మరణించిన 28 ఏళ్లకు’ అని తెర మీద జపనీస్ అక్షరాలు పడతాయి. మీ సబ్‌టైటిళ్లలో ఈ రాత ఒక్కచోట కూడా లేదు. మాటలను మాత్రమే అనువదించి తెర మీది రాతను వదిలేశారు. ఏడాది పోయిందో పదేళ్లు పోయాయో తెలియకపోతే ఆ కథలో ఇంకేం మిగులుతుంది?

ఇక మంత్రం సంగతి. మూడో ఎపిసోడ్‌లో క్వాల్ అనే రాక్షసుడు 80 ఏళ్లుగా తనను బంధించి ఉంచిన మంత్రపు ముద్ర నుంచి బయటికొస్తాడు. వాడు కనిపెట్టిన మంత్రం జోల్ట్రాక్, మనుషులను చంపే మంత్రం. ఆ కాలంలో దానికి అడ్డు లేదు. వాడు ముద్రలో ఉన్న 80 ఏళ్లలో మనుషులు దాన్ని విడదీసి చదివారు, ఎదురు రక్షణ మంత్రం తయారుచేశారు, చివరికి జోల్ట్రాకే ప్రతి విద్యార్థీ నేర్చుకునే ‘సాధారణ దాడి మంత్రం’ అయింది. భయంకరమైన ఆయుధం మామూలు పాఠమైపోవడం, ఈ సిరీస్ గొప్పతనమంతా అందులో ఉంది. మంత్రానికి ఇక్కడ ఒక చరిత్ర ఉంది, దాన్ని మెరుగుపరిచేవాళ్లున్నారు, అది పాతబడుతుంది. తర్వాత వచ్చే మాంత్రికుల పరీక్షల భాగంలో ఆ వరుసే ముందుకు సాగుతుంది. రక్షణ మంత్రం మంత్రపు దాడిని బాగా ఆపుతుంది, కానీ చాలా మానా (మంత్రాలకు ఖర్చయ్యే ఇంధనం లాంటిది) తింటుంది, నీళ్లో మట్టో బండలా వచ్చి పడితే తట్టుకోలేదు. అందుకే కొత్త తరం మాంత్రికులు నీటినీ నేలనూ వాడతారు. మీ సబ్‌టైటిళ్లలో జోల్ట్రాక్ ఒకచోట ‘హత్యా మంత్రం’, ఒకచోట ‘జోల్ట్రాక్’, ఇంకోచోట ‘మామూలు దెబ్బ’. ఈ మూడూ ఒకటేనని చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

మానా అనే మాటకైతే ‘శక్తి’, ‘బలం’, ‘పవర్’ అని ఎపిసోడ్‌కొకటి. పదో ఎపిసోడ్ దాని మీదే నడుస్తుంది. అవురా అనే రాక్షసి దగ్గర విధేయత త్రాసు ఉంటుంది. ఇద్దరి ఆత్మలను రెండు పళ్లేల్లో పెడుతుంది, ఎవరి మానా ఎక్కువైతే వాళ్లు రెండోవాళ్లను శాసిస్తారు. రాక్షసులకు మానా అంటే హోదా, దాన్ని దాచుకోవడం వాళ్ల ఊహకే అందదు. ఫ్రీరెన్ తన గురువు ఫ్లామె చెప్పినట్టు జీవితమంతా తన మానాను తక్కువ చేసి చూపిస్తూ బతికింది. అవురా మోసపోయేది అందుకే. అక్కడ ‘బలం’ అని రాస్తే త్రాసు ఏం తూస్తోందో అర్థం కాదు. పైగా ఆ పేరును మీరు ‘ఔరా’ అని రాశారు. తెలుగు చదివేవాళ్లకు అది పేరులా కనిపించదు, ఆశ్చర్యపోయినట్టు కనిపిస్తుంది. “అవురా, నీ ప్రాణం నువ్వే తీసుకో” అన్న ఆఖరి ఆజ్ఞ మీ తెర మీద “ఔరా! చచ్చిపో” అయింది. అది కూడా ఫ్రీరెన్ నోరు తెరవడానికి మూడు సెకన్ల ముందే పడిపోయింది.

మూడు సెకన్లు అని ఊరికే అనడం లేదు. 5 నుంచి 17 దాకా ఎపిసోడ్లలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా తేడా అదే మూడు సెకన్లు. తేడా మారకుండా ఉందంటే, సబ్‌టైటిల్ ఫైలు చేసిన వీడియో మొదట్లో లేని మూడు సెకన్ల ఖాళీ మీరు ప్రసారం చేసే వీడియోలో ఉందన్నమాట. ఫైలు మొత్తాన్ని మూడు సెకన్లు ఆలస్యంగా వచ్చేలా జరిపితే చాలు. 18 నుంచి 28 దాకా జబ్బు వేరు. మొదట్లో సరిగ్గా ఉంటుంది, పోనుపోను పెరిగి 24వ నిమిషానికి దాదాపు 1.4 సెకన్లు ముందుంటుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన చేసిన ఫైలును 23.976 ఫ్రేముల వీడియోకు తగిలిస్తే సరిగ్గా ఇంతే తేడా వస్తుంది. దీన్ని జరిపితే కుదరదు, సాగదీయాలి. ఈ రెండు వాక్యాలూ మూడో ఫిర్యాదులో రాశాను. మళ్లీ క్యాష్ క్లియర్ చేయమనే చెప్పారు.

ఇది కోపం తెప్పించేది ఎందుకంటే ఈ సిరీస్ మౌనం మీద బతుకుతుంది. పద్నాలుగో ఎపిసోడ్‌లో ఫ్రీరెన్ ఎంచుకున్న ఉంగరాన్ని హిమ్మెల్ మోకాలి మీద కూర్చుని ఆమె వేలికి తొడుగుతాడు. దాని మీది పువ్వుకు శాశ్వత ప్రేమ అని అర్థం, ఆ సంగతి ఆమెకు తెలియదు. అక్కడ మాటలు అక్కర్లేదు. ఆ క్షణంలో మీ తెర మీద తర్వాతి సన్నివేశం మాట వచ్చి కూర్చుంది.

అనువాదం మనిషి చూడలేదని పేర్లే చెబుతున్నాయి. ఈ కథలో దాదాపు పేర్లన్నీ జర్మన్ మాటలు. ఫ్రీరెన్ శిష్యురాలి పేరు ఫెర్న్, జర్మన్‌లో దూరం అని. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ల నుంచి యంత్రంతో తిప్పినందువల్ల మీ దగ్గర “ఫెర్న్ మొక్క ఎక్కడ?” అయింది. లాండ్ అనే కుర్రాడు ‘భూమి’ అయిపోయాడు. పరీక్షల్లో పదేపదే వచ్చే సూత్రం, మంత్రమంటే ఊహ, ఊహించలేనిది జరిపించలేం. పరీక్షకు వచ్చిన యూబెల్ అనే మాంత్రికురాలు ఆ సూత్రాన్ని నమ్ముకునే మంత్రపు జుట్టును కూడా కోసేస్తుంది, జుట్టు తెగుతుందని ఆమె మనసుకు తెలుసు కాబట్టి. మీ తెలుగులో అది “మంత్రం ఒక బొమ్మల ప్రపంచం.” అక్కడి అసలు మాట ‘ఇమేజ్’, అంటే ఊహ; మీరు బొమ్మ అనుకున్నారు.

ఫ్రీరెన్‌ను ‘మంత్రగత్తె’ అన్నారు. మన దగ్గర అది తిట్టు, ఊళ్లలో ఆడవాళ్లను ఆ మాటతో కొట్టిన రోజులున్నాయి. మాంత్రికురాలు అన్న మాట ఉంది కదా! రాక్షసులను ‘దెయ్యాలు’ అన్నారు. దెయ్యమంటే చచ్చినవాళ్ల ఆత్మ. ఇక్కడ రాక్షసులు మనుషులను వేటాడటానికి మనిషి భాష నేర్చిన మృగాలు, చస్తే శవం కూడా మిగలకుండా మానాగా కరిగిపోతారు. ఇక ఫెర్న్ జపనీస్‌లో ఫ్రీరెన్‌నే కాదు, తమతో ప్రయాణించే, తన ఈడు వాడైన యోధుడు స్టార్క్‌ను కూడా ‘సామ’ చేర్చి గౌరవంగా పిలుస్తుంది, తిట్టేటప్పుడు కూడా. “స్టార్క్ గారూ, మీరంటే నాకు కోపంగా ఉంది” అనే పిల్ల ఆమె. ఇంగ్లీషులో ఆ తేడా తేవడం కష్టం, మనకు ‘మీరు’, ‘గారు’ చేతిలోనే ఉన్నాయి. మీరు “ఒరేయ్ స్టార్క్, నువ్వు” అని రాశారు.

ఇప్పుడు సిరీస్‌లోని లోపాలు. ఉన్నాయి, వాటికి మిమ్మల్ని అనను. మొదటి సీజన్ 28 ఎపిసోడ్లలో చివరి పదకొండు మొదటి శ్రేణి మాంత్రికుల పరీక్షకే పోయాయి. ఒక్కసారిగా వచ్చే అంతమంది కొత్తవాళ్లలో సగం మంది గుర్తుండరు. ఆ భాగంలో స్టార్క్‌కు దాదాపు పనే లేదు. ఏ మంత్రానికి ఎంత మానా ఖర్చవుతుందో ఎక్కడా కొలత లేదు, అవసరమైనప్పుడు చాలుతుంది, లేనప్పుడు అయిపోతుంది. రాక్షసులందరూ అబద్ధాలకోరులేనని మొదటే తేల్చేయడం వల్ల వాళ్ల మాటల్లో ఉత్కంఠ తగ్గుతుంది. ఇవి చర్చించుకోదగ్గ విషయాలు. అయినా పరీక్ష చివర ఏ మంత్రమైనా కోరుకోమంటే ఫెర్న్ బట్టల మురికి పోగొట్టే మంత్రం అడుగుతుంది. ఆ ఒక్క కోరిక కోసం ఆ పదకొండూ ఓపిగ్గా చూడొచ్చు. దర్శకుడు సైతో కెయిచిరో, మ్యాడ్‌హౌస్ స్టూడియో 2023 సెప్టెంబరు నుంచి 2024 మార్చి దాకా అంత శ్రద్ధగా చేసి పంపితే, మీ దగ్గరికొచ్చి ఇలా అయింది.

మూడో ఫిర్యాదు తర్వాత, 48 గంటల్లో సూపర్‌వైజర్ ఫోన్ చేస్తారన్నారు. అయిదో రోజు పొద్దున 7:10కి ఒక్క రింగు వచ్చి ఆగిపోయింది. తిరిగి చేస్తే ఆ నంబరుకు ఇన్‌కమింగ్ లేదు. సాయంత్రానికి “వినియోగదారు అందుబాటులో లేరు” అని మూసేశారు. నాలుగోసారి ఏం రాశారో పైనే చెప్పాను. దానితో పాటు “మీకు నచ్చే మరికొన్ని” అంటూ ఇంకో మూడు సిరీస్‌ల లింకులు పంపారు. అదే వారంలో ఏడాది చందా మాత్రం నిమిషం ఆలస్యం లేకుండా నా ఖాతాలోంచి తీసుకున్నారు.

మూడేళ్లుగా కడుతున్నాను. తెలుగు పెట్టారన్న ఒక్క కారణానికి తెలిసినవాళ్ల చేత కూడా కట్టించాను. ఇప్పుడు వాళ్లు నన్ను అడుగుతున్నారు, ఈ బొమ్మల ప్రపంచం ఏమిటని. నేనేం చెప్పాలి?

ఐదో ఫిర్యాదు మీద ‘నచ్చలేదు’ అన్న మాట ఉండకూడదు. 5 నుంచి 28 దాకా ఎపిసోడ్ల ఫైళ్ల సమయాలు సరిచేయండి, తెర మీది రాతలు చేర్చండి, తెలుగు తెలిసిన ఒక మనిషి చేత పేర్లూ పదాలూ ఒక జాబితా రాయించి మొత్తం మళ్లీ చూపించండి. ఆ మనిషి ఎవరో, ఎప్పటికి అవుతుందో నాకు రాతపూర్వకంగా చెప్పండి. చేతకాదంటే ఈ సిరీస్ మీద ‘తెలుగు’ అన్న గుర్తు తీసేసి, ఈ ఏడాది చందా వెనక్కి ఇవ్వండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు తేల్చాలి. నా మొదటి ఫిర్యాదుకు నెల ఎప్పుడో దాటింది. ఈసారి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. అయిదు లక్షల లోపు చెల్లింపులకు అక్కడ రుసుము కూడా లేదు. నాలుగు ఫిర్యాదుల నంబర్లు, మీ జవాబులు, ఆ 14 ఫొటోలు ప్రింటు తీసి పెట్టుకున్నాను.

ఫోన్ చేయదలిస్తే సాయంత్రం ఆరు తర్వాత చేయండి. ఒక్క రింగుతో ఆపకండి. తెలుగు చదవగలిగినవాళ్ల చేత చేయించండి.

ఇట్లు,
మీ చందాదారు