గట్టుకు ఇవతల ఉన్నందుకు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. అనకాపల్లి జిల్లాలో రావికమతం, రోలుగుంట, చీడికాడ, దేవరాపల్లి మండలాల కొండల మీద ఉన్న నాన్ షెడ్యూల్డ్ (ప్రభుత్వం గిరిజన ‘షెడ్యూల్డ్ ప్రాంతం’గా ప్రకటించని) గిరిజన గూడేల సంగతి తమకు కొత్తగా విన్నవించనక్కర లేదు. మా అర్జీలు విశాఖపట్నం కలెక్టరేట్‌కు చేరిన రోజుల్లోనూ, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడ్డాక కూడా, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని ‘స్పందన’ అని పిలిచినప్పుడూ, ఆ పేరు మారిన తరువాతా, సోమవారం సోమవారం మేము వరుసలో నిలబడుతూనే ఉన్నాము. ప్రతి అర్జీకీ ఒక నంబరు వచ్చింది. కొన్నాళ్లకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశమూ వచ్చింది. ఏమి పరిష్కరించారో కనుక్కోవడానికి మరో అర్జీ పెట్టుకోవలసి వచ్చింది.

కిందటి వానాకాలంలో మా తమ్ముడి కోడలికి అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. మా గూడెంలో ఫోను పలకాలంటే బండ ఎక్కాలి. ఎక్కి చేస్తే 108 వారు పలికారు, మర్యాదగానే మాట్లాడారు, అయితే బండి రాగలిగేది తారురోడ్డు ఆగిపోయిన చోటి వరకే. అక్కడికి మాకు ఏడు కిలోమీటర్ల దిగుడు. దుంగకు దుప్పటి కట్టి డోలీ చేసి, ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు, భుజాలు మార్చుకుంటూ దిగాము. ముందున్నవాడు కాలు జారితే వెనుకవాడు ఆపలేడు గనుక అడుగు తడిమి తడిమి వెయ్యాలి. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె దుంగను గట్టిగా పట్టుకునేది, మేము ఆగేవాళ్లం. గెడ్డ పొంగి ఉండడం వల్ల నీరు తగ్గేదాకా ఒడ్డునే వానలో కూర్చున్నాము. తెల్లవారాక బండి అందింది. దగ్గరి ఆసుపత్రిలో తమ వల్ల కాదన్నారు, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపారు, అక్కడ ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు.

(108 సేవలు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఆ రాత్రి డోలీ మోసిన వారిలో ఒక కుర్రాడు అప్పటికింకా పుట్టలేదు.)

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం కూడా తారురోడ్డు ఆగిన చోటే దింపింది. కడుపు మీద కుట్లున్న మనిషి ఏడు కిలోమీటర్లు కొండ ఎక్కలేదు గనుక మళ్లీ డోలీ కట్టాము, ఈసారి ఇద్దరికి. తమ శాఖ లెక్కల్లో ఇది ఆసుపత్రి కాన్పుగా, తల్లీబిడ్డలు క్షేమంగా ఇల్లు చేరినట్టుగా నమోదై ఉంటుంది. అది అబద్ధమని అనను. ఇద్దరూ బతికారు కనుక మా డోలీ ఏ రికార్డులోకీ ఎక్కలేదు. చనిపోయి ఉంటే పత్రికలో పెట్టె వార్త వచ్చేది, మరునాడు విచారణకు జీపు వచ్చేది, ఆ జీపు కూడా రోడ్డు ఆగిన చోటే ఆగేది.

గట్టుకు అవతల అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడివారు మా చుట్టాలే, మేమిచ్చి పుచ్చుకునేవాళ్లమే. అక్కడా డోలీలున్నాయని, వారి కష్టం తక్కువ కాదని మాకు తెలుసు. కానీ వారికి అడగడానికి ఒక ఐటీడీఏ (షెడ్యూల్డ్ ప్రాంత గిరిజనుల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ) ఉంది, నెలలు నిండిన గర్భిణులను ముందుగానే దింపి ఉంచే వసతి గృహాలున్నాయి. మేము ఐటీడీఏకు వెళితే మీది నాన్ షెడ్యూల్డ్ గ్రామం అంటారు. జిల్లా ఆఫీసుకు వెళితే గిరిజనుల విషయం ఐటీడీఏ చూస్తుంది అంటారు. ఇద్దరూ నిబంధన ప్రకారమే చెబుతున్నారని నమ్ముతున్నాము.

ఆ నిబంధన సంగతే తమకు గుర్తు చేయవలసి వస్తోంది. మైదానంలో 5,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ). కొండ, గిరిజన, దుర్గమ ప్రాంతాల్లో 3,000కు ఒక ఉపకేంద్రం, 20,000కు ఒక పీహెచ్‌సీ ఉండాలని కదా ప్రమాణం. అందులో కొండ అని ఉంది, గిరిజన అని ఉంది, దుర్గమ అని ఉంది. షెడ్యూల్డ్ అన్న మాట లేదు. మా మండల కేంద్రం మైదానంలో ఉన్నంత మాత్రాన మా తలలను మైదానం తలలతో కలిపి లెక్కించడం ఏ ప్రమాణమో దయచేసి సెలవివ్వండి. ఇంటింటికీ తిరిగే మా నర్సు, ఏఎన్‌ఎం అమ్మ మంచిదే, కానీ దిగువ ఊళ్లన్నీ తిరిగి మా దాకా ఎక్కేసరికి ఆమె నెల అయిపోతుంది. ఊరూరా తిరిగి మందులిచ్చే 104 వాహనమూ దిగువనే ఆగుతుంది. బీపీ మాత్ర కోసం మా ముసలివాళ్లు రోజు కూలి వదులుకుని దిగుతున్నారు.

రోడ్డు తమ శాఖది కాదని మాకు తెలుసు. 2025 ఏప్రిల్ 7న డుంబ్రిగూడ మండలం పెదపాడులో గౌరవ ఉప ముఖ్యమంత్రి గారు గిరిజన గూడేలకు రోడ్లు వేసే ‘అడవితల్లి బాట’కు శంకుస్థాపన చేస్తే సంతోషించాము. మా బాట ఏ తల్లిదో ఇంకా తేలలేదు. అది తేలేలోగా తమ చేతిలో ఉన్నదే అడుగుతున్నాము: నెలలు నిండిన మా ఆడపిల్లలను కాన్పు దాకా కింద ఉంచే ఏర్పాటు చేయించండి, మమ్మల్ని కొండవాళ్లుగా లెక్కించి ఉపకేంద్రం ఇప్పించండి, అది కాకపోతే గూడెంలోనే చదువుకున్న పిల్లను ఆశా కార్యకర్తగా నియమించండి. ఏదో ఒకటి చేయండి అయ్యా. దండం పెట్టి అడుగుతున్నాము.

మా గూడెంలో ఇప్పుడు మరో ఇద్దరికి నెలలు దగ్గర పడుతున్నాయి. తమ జవాబును ఫోను సందేశంగా పంపవద్దని మనవి. అది చదవడానికి మళ్లీ బండ ఎక్కాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
రావికమతం మండల కొండ గూడెం వాసి