నల్లబల్ల మీద రోజుకో విశేషం: అమ్మలుకు ఉత్తరం

విజయనగరం

చి. అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

నువ్వు పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన దగ్గరి నల్లబల్ల ఈ ఏడాది నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. రోజూ తేదీ, తిథి, ఆనాటి విశేషం రాయాలి గదా. మంచి పని. అయితే పొద్దుట వాట్సాప్‌లో వచ్చినదాన్ని చూసి బల్ల మీదకెక్కిస్తే చాలనుకోకు. పిల్లలు దాన్ని నోటుబుక్కులో రాసుకుంటారు. తప్పు రాస్తే ఆ తప్పే వాళ్లకు ఏళ్ల తరబడి గుర్తుండిపోతుంది. అందుకే దీనికని సొంత పుస్తకం ఒకటి కట్టుకో.

ఏ విశేషం చేతికొచ్చినా ముందు ఒక్కటే చూడు: ఇది ఏ లెక్కలో తిరిగొస్తుంది? కొన్ని ఇంగ్లీషు తేదీకి కట్టుబడతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు ఆగస్టు 29, మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునే రోజు, ఎప్పటికీ అదే. కొన్ని తిథిని బట్టి వస్తాయి, నాగుల చవితిలాగా. కొన్ని సూర్యుణ్ణి బట్టి వస్తాయి, సంక్రాంతిలాగా. మరికొన్నిటికి వారం కూడా కలవాలి. మన పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం, ముందురోజు సోమవారం తొలేళ్ల పండగ. ఈ నాలుగింటినీ ఒకే డైరీలో తేదీల కింద రాసేస్తే, రెండో ఏడాదికే సగం పుస్తకం పనికిరాకుండా పోతుంది.

మొదటి పుస్తకానికి 400 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొను. ఫిబ్రవరి 29తో కలిపి 366 పేజీలు తేదీలకు పోతాయి, మిగిలినవి చివర పేర్ల సూచికకు. పేజీ నెత్తిన తేదీ, నెల మాత్రమే వెయ్యి. సంవత్సరం, వారం వెయ్యకు. నెల పేరు అక్షరాల్లోనే రాయి. 8/11 అని రాస్తే మనకు నవంబరు ఎనిమిది, అమెరికా వాళ్ల పద్ధతిలో ఆగస్టు పదకొండు. నెట్‌లో దొరికే తేదీల్లో చాలా తప్పులు ఇక్కడే పుడతాయి. పేజీ పై భాగం చరిత్రకు, దాని కింద నాలుగు గీతలు దినోత్సవాలకు, అడుగు సగం నీ సొంత మాటలకు వదులు. చరిత్ర ఒకసారి రాస్తే అయిపోతుంది. నీ మాటలు ఏటేటా పెరుగుతాయి, వాటికే చోటు ఎక్కువ కావాలి.

రెండో పుస్తకం తిథులకు. చైత్ర శుద్ధ పాడ్యమి నుంచి ఫాల్గుణ బహుళ అమావాస్య దాకా 12 నెలలు, నెలకు 30 తిథులు, మొత్తం 360. పేజీకి రెండు చొప్పున 180 పేజీలు. ఇక్కడ ఇంగ్లీషు తేదీ ఎక్కడా రాయకు. ఏటా ఉగాదికి పంచాంగం కొన్నాక ఆ ఏటి తేదీలు పెన్సిల్‌తో పక్కన వేసుకో, ఏడాది తిరిగాక చెరిపెయ్యి.

పంచాంగం చూడటంలో దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒకే వేగంలో ఉండదు కాబట్టి తిథి ఒకసారి 19 గంటల్లో అయిపోతుంది, ఒకసారి 26 గంటలదాకా సాగుతుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే రోజంతా దాని పేరే. ఒక్కోసారి ఒక తిథి ఏ సూర్యోదయానికీ తగలకుండా మధ్యలోనే పోతుంది, ఒక్కోసారి రెండు సూర్యోదయాలకూ అదే ఉంటుంది. బల్ల మీద నిన్న పంచమి, ఇవాళ సప్తమి అని రాయాల్సొస్తే తప్పు చేశానేమోనని కంగారు పడకు. తిథి పక్కన అది ఎన్ని గంటలవరకో కూడా రాస్తే పిల్లలే అర్థం చేసుకుంటారు.

పాత పద్ధతి పంచాంగాల్లో కాలం ఘడియల్లో ఉంటుంది. ఘ. 10-30 అని ఉంటే గడియారంలో పదిన్నర అనుకోవద్దు. సూర్యోదయం నుంచి 10 ఘడియల 30 విఘడియలని అర్థం. ఘడియకు 24 నిమిషాలు, అంటే పొద్దుపొడిచాక 4 గంటల 12 నిమిషాలు. తెల్లవారుజామున 4.30 వరకు అని ఉంటే ఇంగ్లీషు లెక్కలో అది మర్నాటి తేదీ. ఇంకోటి, హైదరాబాదు సూర్యోదయంతో వేసిన పంచాంగం మీ ఊరికి అచ్చంగా సరిపోదు. శ్రీకాకుళం తూర్పున ఉంది, పొద్దు అక్కడికంటే సుమారు 20 నిమిషాలు ముందే పొడుస్తుంది. తిథి సరిగ్గా ఆ మధ్యలో ముగిస్తే మీ ఊళ్లో ఒక తిథి, హైదరాబాదులో ఒక తిథి. పైగా ఆకాశంలో కనబడేదానితో సరిచూసి కట్టే దృక్సిద్ధాంతం వారి లెక్కకూ పాత సూత్రాలతో కట్టే పూర్వ పద్ధతి వారి లెక్కకూ కొన్ని గంటల తేడా వస్తుంది. రెండు పంచాంగాలు కలిపి కాపీ చెయ్యకు. ఏదో ఒకటి పట్టుకుని ఏడాదంతా దాన్నే అనుసరించు.

పండగకు సూర్యోదయ తిథి ఒక్కటే చూస్తే చాలదు. వినాయక చవితికీ శ్రీరామనవమికీ మధ్యాహ్నం ఆ తిథి ఉండాలి, దీపావళికి పొద్దుగూకే వేళ అమావాస్య ఉండాలి, శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. పండగ రెండు రోజులన్న గొడవ చాలాసార్లు వచ్చేది ఇందుకే. రెండో పుస్తకంలో పండగ పేరు పక్కన ఏ వేళ చూడాలో కూడా రాసి పెట్టు.

ఈసారి, 2026లో, అధిక జ్యేష్ఠం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధికం, ఆ తర్వాత నిజం. జ్యేష్ఠ మాసం విశేషాలు నిజ మాసానికే రాయాలి. ఇలా దాదాపు 32 నెలలకోసారి ఒక నెల చేరుతుంది కాబట్టే తిథులూ తేదీలూ మరీ దూరం పోకుండా ఉంటాయి. ప్రతి 19 ఏళ్లకు రెండూ ఇంచుమించు కలుస్తాయి. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు పుట్టారంటారు. ఆ 1893కి 133 ఏళ్లు, అంటే ఏడు పందొమ్మిదులు కలిపితే 2026. ఈ ఏడు దీపావళి నవంబరు 8నే! ఒకరోజు అటూ ఇటూ అయ్యే లెక్కే గానీ, ఈసారి బల్ల మీద ఇది తప్పక రాయి. పై తరగతి పిల్లల చేత కూడిక చేయించు. బెంగుళూరులో పుట్టినా మన సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషి, పిల్లలకు ఆయన పేరు తెలియాలి.

సూర్యుణ్ణి బట్టి వచ్చేవి తక్కువే, మొదటి పుస్తకంలోనే ఎర్రసిరాతో రాసుకో. పెద్దపండగ జనవరి 14నో 15నో వస్తుంది. ఇప్పటికి అలా ఉంది గానీ, సుమారు 70 ఏళ్లకు ఒకరోజు చొప్పున తర్వాతి తేదీకి జరుగుతూ పోతుంది. అరసవల్లిలో స్వామి పాదాల మీద ఎండపడేది మార్చి 9, 10 ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లో ఒకసారి. ఈ రెండూ ఎందుకో పిల్లలకు చెప్పు. సూర్యుడు దక్షిణాన చివరిదాకా వెళ్లేది డిసెంబరు 21 ప్రాంతంలో. దానికి అటు 79 రోజులు లెక్కపెడితే మార్చి 10, ఇటు 80 రోజులు లెక్కపెడితే అక్టోబరు 2. ఆ రెండు రోజులూ సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. గుడికి తీసుకెళ్లి చూపించాలనుకుంటే మార్చిలో తీసుకెళ్లు. అక్టోబరులో మబ్బు పట్టే రోజులు ఎక్కువ.

ఇక చరిత్ర. దొరికిన ప్రతి తేదీనీ ముందు పెన్సిల్‌తో రాయి. ఒకదాన్నొకటి చూసి రాయని రెండుచోట్ల అదే తేదీ కనబడ్డాకే సిరా. పది వెబ్‌సైట్లలో ఒకే వాక్యం ఉంటే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే. తేదీతోపాటు వారం ఇచ్చి ఉంటే అది నీకు పెద్ద వరం, లెక్కకట్టి చూడు. ఏ ఏడాదైనా ఏప్రిల్ 4, జూన్ 6, ఆగస్టు 8, అక్టోబరు 10, డిసెంబరు 12 ఒకే వారం పడతాయి. 1892లో అది సోమవారం. కన్యాశుల్కం మన ఊళ్లో తొలిసారి ఆడింది ఆగస్టు 13న కాబట్టి శనివారం అవుతుంది. ఎక్కడైనా ఇంకో వారం రాసి ఉంటే తేదీ అయినా తప్పు, వారమయినా తప్పు.

ఆ నాటకానికే మూడు సంవత్సరాలు: 1892లో ప్రదర్శన, 1897లో మొదటి ముద్రణ, 1909లో బాగా పెంచి తిరగరాసిన రెండో ముద్రణ. "కన్యాశుల్కం వచ్చిన రోజు" అని ఊరకే రాస్తే ఏది వచ్చిన రోజు? క్రియ స్పష్టంగా ఉండాలి: పుట్టారు, ఆడారు, అచ్చయింది, మొదలయింది. గురజాడ వారి పుట్టుక 1862 సెప్టెంబరు 21 అని ఎక్కువమంది రాస్తారు, 1861 అని కూడా కొన్నిచోట్ల కనబడుతుంది. అలాంటప్పుడు రెండూ పుస్తకంలో ఉంచు, బల్ల మీద మాత్రం అందరూ జరుపుకునే తేదీ వెయ్యి. వర్ధంతి నవంబరు 30, 1915.

పత్రికలో చూసి రాసేటప్పుడు ఒకరోజు తేడా వస్తుంది. పొట్టి శ్రీరాములు గారు పోయింది 1952 డిసెంబరు 15 రాత్రి, పేపర్లో వచ్చింది మర్నాడు. జరిగిన తేదీనే రాయాలి. పాత సాహిత్య పత్రికలు చూడాలంటే నీకు దగ్గర్లోనే శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. ఆ తేదీ పేజీ ఖాళీగా వదలకు.

ఇంగ్లీషు వాళ్ల రికార్డుల్లో శ్రీకాకుళం కోసం వెతికితే దొరకదు, చికాకోల్ అని వెతకాలి. 1752 సెప్టెంబరులో వాళ్లు క్యాలెండరు మార్చి 2వ తేదీ మర్నాడు 14 అన్నారు. అంతకుముందువి మన లెక్కకు 11 రోజులు తేడా, 1700కు ముందువయితే 10 రోజులు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24, పద్మనాభ యుద్ధం 1794 జూలై 10. రెండూ మార్పు తర్వాతవే కాబట్టి ఉన్నవి ఉన్నట్టు రాసుకోవచ్చు. జిల్లా పేరు రాసేటప్పుడూ కాలం చూసుకో. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. గిడుగు వారు 1863లో పర్వతాలపేటలో పుట్టేనాటికి ఆ ఊరు గంజాం జిల్లా. "నేటి శ్రీకాకుళం జిల్లాలోని" అంటే సరిపోతుంది.

శ్రీకూర్మం, ముఖలింగం శాసనాలు రాయాలనిపిస్తే ఇంగ్లీషు సంవత్సరం కోసం శక సంవత్సరానికి 78 కలుపు, సంవత్సరం చివరి నెలలకు 79. గాంగ, గజపతి రాజుల ఏలుబడి ఏళ్లు అంకాల లెక్కలో ఉంటే వెంటనే కూడకు. ఆ లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవి ఉండవు. 25వ అంకమంటే నిజానికి 21వ ఏడు. పిల్లలు ఈ లెక్కను పొడుపుకథలా విప్పుతారు, ఒకరోజు బల్ల మీద పెట్టి చూడు.

ఏ తేదీకైనా ప్రపంచ విశేషాలు వంద దొరుకుతాయి. మన చుట్టుపక్కలది ఒకటుంటే దానికే మొదటి చోటు ఇవ్వు. జూలై 14 ఫ్రెంచి వాళ్ల జాతీయ దినం, కానీ మీ బల్ల మీద ఆ రోజు 1893లో నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ గారుండాలి. సెప్టెంబరు 19న, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి బరువులెత్తి గెలిచిన కంచు పతకం. ఆగస్టు 29న గిడుగు, 31న ఆదిభట్ల నారాయణదాసు, 1864. ఆ వారం నీకు వెతుక్కునే పని లేదు.

పేజీలు నిండేకొద్దీ కొన్ని వాటంతటవే పక్కపక్కన చేరతాయి. అక్టోబరు 11, 12 చూడు: 2013లో 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో 12న హుద్‌హుద్ విశాఖలో, 2018లో 11న తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటాయి. ఆ పేజీ కింద ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి, జీడి తోటల గురించి మీ పిల్లల ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పినవి రాయించు. ఆ సంగతి ఇంకెక్కడా దొరకదు. అక్టోబరు మొదటివారంలోనే తుపాను జాగ్రత్తలు బల్ల మీద రాయడానికి ఆ పేజీయే కారణం కావాలి.

అడుగు భాగంలో నీ మాటలు రాసేటప్పుడు ఎడమ పక్కన సంవత్సరం నాలుగంకెలూ వేసి ఒక్క వాక్యం రాయి. "బాగా ఎండ" అని రాస్తే పదేళ్ల తర్వాత ఏమీ తెలియదు. తేలినీలాపురం చింతచెట్ల మీద మొదటి పెలికాన్ ఎప్పుడు దిగింది, చివరిది ఎప్పుడు పోయింది, బజారులోకి తొలి తాటిముంజలు ఎప్పుడొచ్చాయి, డజను ఎంత, వంశధార ఏ మెట్టుదాకా వచ్చింది, ఇలా రాయి. చూసిన రోజు తేదీకే రాయాలి, విన్న రోజుకు కాదు. పిల్లలు చెప్పిందయితే పక్కన "విన్నది" అని వెయ్యి. ఏమీ తోచని రోజు ఆ గీత ఖాళీగా వదులు, కల్పించి నింపకు.

బల్ల మీద నాలుగు వరసలకు మించొద్దు: తేదీ వారం, తిథి ఎన్ని గంటలవరకో, చరిత్ర ఒక వాక్యం, చూసిన సంగతి ఒక వాక్యం. చరిత్ర వాక్యం 15 మాటల్లో ముగించు. చివరి వరసలో నిలబడ్డవాడు చదవగలిగేంత అక్షరం ఉండాలి. ముందురోజు సాయంత్రమే రాయకు, రాత్రి వానకు చెదిరిపోతుంది. కాగితం మీద రాసుకుని పొద్దుట బేగి వెళ్లి ఎక్కించు.

తిథుల పుస్తకానికి గీతలు కొట్టి, నెలల పేర్లు రాసి సిద్ధం చేశాను. ఆదివారం తమ్ముడు అటు వస్తున్నాడు, వాడి చేతికిస్తాను. ఉగాది పంచాంగం కూడా అందులోనే పెట్టాను. ముందు ఆషాఢం నుంచి దీపావళి దాకా తేదీలు వేసుకో, మిగతావి దసరా సెలవుల్లో వేసుకోవచ్చు. సిరిమాను తేదీ మాత్రం దేవస్థానం వాళ్లు ప్రకటించేదాకా పెన్సిల్‌లోనే ఉంచు.

ఇట్లు,
నాన్న