శిక్షణ ఇచ్చి పంపేస్తే సంస్థ నిలబడదు

సంపాదకులకు,

ఆఫ్రికాకు మనం చేసే సాయం ప్రస్తావన వస్తే చాలు, ఎందరికి స్కాలర్‌షిప్పులు, ఎందరికి శిక్షణ అన్న లెక్కలే వినిపిస్తాయి. 2015లో ఢిల్లీలో జరిగిన భారత్-ఆఫ్రికా శిఖరాగ్ర సదస్సులోనూ ఐదేళ్లలో 50 వేల స్కాలర్‌షిప్పులని ప్రకటించారు. మంచిదే. కానీ శిక్షణ పొందినవాళ్లు తిరిగి వెళ్లి పనిచేయాల్సిన సంస్థ మాటేమిటి? అక్కడ కరెంటు, రసాయనాలు, నెలనెలా జీతం లేకపోతే ఆ సర్టిఫికెట్ ఏం చేసుకుంటారు?

ఈ విషయంలో డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో అనుభవం తెలుసుకోదగ్గది. 1976లో, అప్పటి జైర్‌లోని యంబుకులో అంతుచిక్కని జ్వరం (అదే ఎబోలా అని తర్వాత తేలింది) జనాన్ని చంపుతుంటే మొదట వెళ్లినవాళ్లలో ఆ దేశపు డాక్టర్ జాన్ జాక్ ముయెంబే ఒకరు. గ్లవ్స్ కూడా లేకుండా రోగుల రక్తం తీశారు. పరీక్షించే ల్యాబ్ దేశంలో లేదు. నమూనాలను థర్మాస్ ఫ్లాస్కులో పెట్టి విమానంలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌కు పంపారు. దారిలో ఒక సీసా పగిలింది కూడా. ఎబోలాను కనిపెట్టిన ఖ్యాతి చాలాకాలం పరాయివాళ్లకే దక్కింది.

అదే ముయెంబే తర్వాత కిన్షాసాలోని జాతీయ బయోమెడికల్ పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. 2018-20లో తూర్పు కాంగోలో ఎబోలా 2,280 మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు నాలుగు మందుల్లో ఏది మేలో తేల్చే ప్రయోగాన్ని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలతో కలిసి ఆ సంస్థే నడిపింది. మెరుగని తేలిన రెండింట్లో ఒకటి, 1995లో కిక్విట్‌లో ఎబోలా సోకి బతికి బయటపడ్డ వ్యక్తి రక్తంలోని యాంటీబాడీ నుంచి వచ్చింది. ఎబోలా రక్త నమూనాలు ఇకపై దేశం దాటవని ముయెంబే తెగేసి చెప్పారు. సాయం చేసేవాళ్లకు ఇలాంటి షరతు రుచించదు గానీ, అసలు కీలకం అక్కడే ఉంది. 2020లో జపాన్ సాయంతో ఆ సంస్థకు కొత్త భవనం, ల్యాబులు వచ్చాయి. 2025 సెప్టెంబరులో కసాయి ప్రాంతంలోని బులాపేలో ఎబోలా మళ్లీ తలెత్తినప్పుడు నిర్ధారణ కిన్షాసాలోనే జరిగింది. అమెరికా తన విదేశీ సాయ సంస్థను మూసేసిన ఏడాది అది!

ఇక మన సంగతి. ఇతర దేశాల అధికారులకు మన ప్రభుత్వం శిక్షణ ఇచ్చే ఐటెక్ పథకం 1964 నుంచి నడుస్తోంది. హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడలోని ఎన్ఐ-ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల జాతీయ శిక్షణ సంస్థ) వంటి చోట్లకు ఆఫ్రికా అధికారులు వస్తూనే ఉంటారు. కొన్ని వారాల కోర్సు, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. వెళ్లాక ఆ అధికారి వేరే శాఖకు బదిలీ అయితే అంతే సంగతులు. 2023లో మద్రాసు ఐఐటీ టాంజానియాలోని జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. సంతోషమే, కాకపోతే అది మన సంస్థకు కొమ్మ, వాళ్ల సొంత చెట్టు కాదు.

ఒక్కో దేశంలో వాళ్లు కోరిన ఒక్క సంస్థనైనా ఎంచుకుని, ఇక్కడి సంస్థతో పదేళ్లకు జత కలపాలి. యంత్రాలిస్తే వాటి మరమ్మతు, విడిభాగాల ఖర్చు కూడా ఒప్పందంలోనే రాయాలి. నమూనాలు, డేటా వాళ్ల దగ్గరే ఉండాలి. శిక్షణ పొందినవాళ్లలో ఐదేళ్ల తర్వాత ఎందరు అదే సంస్థలో ఉన్నారో విదేశాంగ శాఖ ఏటా తన నివేదికలో ప్రచురించాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్