పాపను ఆలస్యంగా పడుకోబెడితే ఆలస్యంగా లేవదు

సంపాదకులకు,

పసిపిల్లలు తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తున్నారని నల్లగొండ, మిర్యాలగూడ ఇళ్లలో రాత్రి పదింటిదాకా మేల్కొల్పి ఉంచుతున్నారు. ఇది ఎదురు తిరుగుతుంది. అలసట మీరిన బిడ్డకు నిద్ర సరిగా పట్టదు, మరింత ముందే మెలకువ వస్తుంది. 4 నుంచి 12 నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12–16 గంటల నిద్ర కావాలి. ఆరు నెలలు దాటితే రాత్రి ఏడు, ఎనిమిది గంటల మధ్య పడుకోబెట్టడం మేలు. ఒక్కసారిగా కాదు, రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున త్వరగా పడుకోబెడుతూ రావాలి.

తెల్లవారుజాము నిద్ర పలచన. మే నెలలో మన దగ్గర 5.40కే పొద్దు పొడుస్తుంది, వెలుగు అంతకన్నా ముందే గదిలోకి వస్తుంది. కిటికీకి మందపాటి ముదురు దుప్పటి కట్టండి, గాలి ఆడేలా మాత్రం చూడండి. కూలర్ గాలి బిడ్డ మీదికి నేరుగా కొట్టకూడదు.

ఐదింటికి లేస్తే లైటు వేయొద్దు, ఫోన్ చూపొద్దు. ఆకలైతే చీకట్లోనే పాలిచ్చి, మాటలు లేకుండా పడుకోబెట్టాలి. అందరూ మరిచేది ఇంకొకటి: ఆరున్నరకే మొదటి కునుకు వేయిస్తే అది రాత్రి నిద్రకు కొనసాగింపై, ఐదింటి మెలకువ అలవాటుగా స్థిరపడుతుంది. ఆ కునుకును రోజుకు పది నిమిషాల చొప్పున ఆలస్యం చేస్తూ రండి.

ఆరు నెలల్లోపు పిల్లలు పాలకు లేవడం సహజం, దానికి మందు అక్కర్లేదు. నిద్ర కోసం దగ్గు సిరప్ పట్టడం ప్రమాదకరం, దయచేసి మానండి. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, తలగడ లేకుండా పడుకోబెట్టండి.

— శిశు సంరక్షణ కార్యకర్తలు, నల్లగొండ