చిట్టికి, టోక్యో నిషికసాయ్ నుంచి

చిట్టీ,

ఎలా ఉన్నావమ్మా? ప్రత్యేకంగా విషయం ఏమీ లేదు. ఆదివారం కదా, అమ్మ ఇంకా రాజమండ్రిలోనే ఉంది, ఒక్కడికే వంట కాబట్టి పదకొండింటికల్లా అయిపోయింది, సరే నీకు రాద్దామని కూర్చున్నాను. వాట్సాప్‌లో పెడితే పైన రెండు లైన్లు చూసి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు, అందుకే మెయిల్. మనం మాట్లాడుకుని ఇవాళ్టికి 19 రోజులు. చదువు ఒత్తిడి ఉంటుంది, నాకు తెలుసు. టొరంటోలో మైనస్ 15 అని ఫోన్‌లో చూపిస్తోంది. ఆ నీలం కోటు జిప్పు పోయిందన్నావు, బాగు చేయించావా, కొత్తది కొన్నావా? డబ్బులు చూసుకోకు. తల తడిగా ఉండగా బయటికి వెళ్ళకు.

ఇక్కడ విశేషం ఏమిటంటే పైఅంతస్తు తాతగారు, మన ఒజీసాన్, ఎయికెన్ ఇంగ్లీషు పరీక్ష ఇంటర్వ్యూకి మళ్ళీ వెళ్తున్నాడు, ఈ నెలాఖరుకి. రాత పరీక్ష పోయినసారే ప్యాసయ్యాడు, అది ఏడాది దాకా చెల్లుతుందట, ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. నీకు గుర్తుందా, నువ్వు తొమ్మిదో తరగతిలో రాసిన ప్రీ-2, అదే లెవెల్. ఆయనకి ఇప్పుడు 74. పొద్దున్నే రేడియోలో ఇంగ్లీషు పాఠం పెడతాడు, 15 నిమిషాలు, మన సీలింగ్‌లోంచి అంతా వినపడుతుంది. టీచరు ఒక వాక్యం అంటుంది, వెనకాలే ఈయన గొంతు. నేను బ్రష్ చేసుకుంటూ వింటుంటాను. ఈమధ్య నాకే ఆ వాక్యాలు వచ్చేస్తున్నాయి.

శనివారం సాయంత్రం గంటసేపు నా దగ్గరికి వస్తాడు మాట్లాడడానికి. వచ్చినప్పుడల్లా సంచీలో నాలుగు మికాన్ పళ్ళు తెస్తాడు, వద్దన్నా వినడు. తాంగోచో తెలుసుగా, కొత్త మాటలు రాసుకుని రింగుకి గుచ్చిన ఆ చిన్న అట్టముక్కలు, ఆయనవి మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. లేత్ మిషన్ మీద 40 ఏళ్ళు పనిచేసిన చెయ్యి కదా, కుడి చూపుడువేలికి గోరు లేదు, ఆ వేలితోనే ఒక్కో ముక్కా తిప్పుతాడు. పుస్తకం మీద ఎర్ర ప్లాస్టిక్ షీటు పెట్టి, ఎర్రగా అచ్చువేసిన జవాబులు మాయమైపోయాక లోపల ఏముందో గుర్తు తెచ్చుకుంటాడు. గుర్తు రాకపోతే షీటు ఎత్తి చూసెయ్యడు. కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంటాడు, టీ చల్లారిపోతుంది.

నాగమణి అత్తయ్య ఫోన్ చేసింది మొన్న. అక్కడ అందరూ బాగున్నారు, మామ్మకి మోకాలు కాస్త నయం. మాటల్లో వంశీ ఏదో అన్నాడని చెప్పింది. నువ్వు క్లాసులో నోరు విప్పడం లేదని, గ్రూప్ ప్రెజెంటేషన్‌లో నీ భాగం ఇంకో అమ్మాయికి ఇచ్చేశావని, ఏప్రిల్ తర్వాత మానేసి వచ్చేస్తానంటున్నావని. అత్తయ్య గోరంతలు కొండంతలు చేస్తుంది కాబట్టి నేను అంతగా పట్టించుకోలేదు.

ఒజీసాన్ సంగతి చెబుతున్నాను కదా. ఆయన ఇంగ్లీషు మొదలుపెట్టింది ఒలింపిక్స్ కోసం. చిన్నప్పుడు బడిలో ఆరేళ్ళు చదివాడు, గ్రామర్ రూల్స్, ఇంగ్లీషు వాక్యం కింద జపనీస్ అనువాదం, అంతే, ఒక్క మనిషితో ఒక్క మాట మాట్లాడింది లేదు. రిటైరయ్యాక, టోక్యోకి ఒలింపిక్స్ వస్తున్నాయి, మన కసాయ్ రింకాయ్ పార్కు పక్కనే కనోయ్ స్లాలమ్ పడవ పోటీలు, విదేశీయులు వస్తే దారి చెప్పాలని సిటీ వాలంటీరుగా పేరిచ్చాడు. మూడేళ్ళు చదివాడు. నోట్‌బుక్ నిండా దారి చెప్పే వాక్యాలే. స్ట్రెయిట్‌గా వెళ్ళండి, సిగ్నల్ దగ్గర ఎడమకి తిరగండి, నడిచి ఎన్ని నిమిషాలు. తర్వాత కరోనా, ఒక ఏడాది వాయిదా, 2021 మార్చిలో విదేశీ ప్రేక్షకులు రారని తేల్చేశారు, చివరికి టోక్యోలో స్టేడియాలే ఖాళీ. ఆ యూనిఫాం ఇస్త్రీ చేసి ఇప్పటికీ బీరువాలో పెట్టుకున్నాడు. మరి ఇంకా ఎందుకు చదువుతున్నారని అడిగితే ‘మొత్తాయినాయ్’ అన్నాడు. నేర్చుకున్నది వృథా చెయ్యకూడదు కదా అని.

పోయిన వసంతంలో ఒక బుధవారం, మన స్టేషన్ బయట పిల్లలతో ఒక కుటుంబం మ్యాపు పట్టుకుని నిలబడి ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, న్యూజిలాండ్ వాళ్ళట. కసాయ్ రింకాయ్ పార్కులో ఆక్వేరియం చూడాలని బయల్దేరి, కసాయ్ అన్న పేరు చూసి టోజాయ్ లైన్ ఎక్కేసి నిషికసాయ్‌లో దిగారు. పార్కుకి వెళ్ళేది కెయియో లైన్ కదా, నువ్వూ ఒకసారి మీ మామ్మని తీసుకెళ్తూ ఇదే పని చేశావు. ఒజీసాన్ టోఫు కొనుక్కుని వస్తున్నాడు. ఆయన చెప్పడం ఏమిటంటే, మొదట దాటి వెళ్ళిపోయాడట. పది అడుగులు వేశాక కాళ్ళు ఆగిపోయాయట. వెనక్కి తిరిగి, ఎన్నేళ్ళ నుంచో దాచుకున్న వాక్యం ‘మే ఐ హెల్ప్ యూ’ అన్నాడు. గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే చిన్నపిల్లాడు వెళ్ళి తల్లి వెనక దాక్కున్నాడట.

నోట్‌బుక్‌లో వాక్యాలన్నీ నడిచి వెళ్ళే దారులవి, ఇక్కడేమో బస్సు ఎక్కాలి. అందుకని ‘ఫాలో మీ’ అని టోఫు సంచీతోనే వాళ్ళతో బస్సెక్కాడు. తీరా అక్కడికి వెళ్తే గేటు మూసి ఉంది. ఆక్వేరియంకి బుధవారం సెలవు! పిల్లలిద్దరూ ఏడుపు మొహాలు పెట్టారు. ఇప్పుడు ఏం చెప్పాలి? ‘క్లోజ్డ్’ అన్న మాట ఆయనకి వచ్చు, తాంగోచోలో ఉంది, కానీ ఆ క్షణానికి దొరకలేదు. చివరికి ‘టుడే, ఫిష్ హాలిడే’ అన్నాడు. ఆ చిన్నపిల్లాడు ఒక్కసారి నవ్వాడట, ఏడుపు మధ్యలో. వాళ్ళమ్మకి చెప్పాడట, చేపలు సెలవు పెట్టాయంట అని. అందరూ నవ్వారు, ఈయనా నవ్వాడు. తర్వాత అందరూ కలిసి సముద్రం ఒడ్డుకి వెళ్ళారు, పిల్లలు ఇసకలో ఆడుకుంటుంటే ఈయన మూడు గంటలు ఆ మొగుడూ పెళ్ళాలతో మాట్లాడాడు. లేత్ మిషన్ గురించి, వాళ్ళ ఊళ్ళో గొర్రెల గురించి. ఇదంతా నాకు మా గుమ్మంలో నిలబడే చెప్పాడు, లోపలికి రమ్మన్నా రాకుండా, నీళ్ళు కారుతున్న టోఫు సంచీ అలాగే చేతిలో ఉంది. ఆ రోజు ఆయన మొహం నువ్వు చూడాల్సింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, వంశీ ఇంకొకటి కూడా అన్నాడట. ల్యాబ్‌లో నువ్వు ల్యాప్‌టాప్‌కి ప్లగ్ కావాల్సి వచ్చి ‘కాన్సెంట్ ఎక్కడుంది’ అని అడిగావని, అంగీకారం ఎక్కడుంది అన్నట్టు అయ్యేసరికి అందరూ నవ్వారని, అప్పట్నుంచే ఇలా అని. నిజమేనా? నిజమైతే నాతో ఎందుకు చెప్పలేదు చిట్టీ? గోడకి ఉండే ప్లగ్‌ని ఇక్కడ దేశం మొత్తం కొన్‌సెంతో అనే అంటుంది. కాన్సెంట్రిక్ ప్లగ్ అన్న మాటలోంచి వచ్చిందంటారు. నువ్వు నాలుగో ఏట నుంచి విన్న మాట అది. అది ఇంగ్లీషు మాట కాదని నీకెవరు చెప్పారు? ఇక్కడ మన్‌షోన్ అంటే అపార్ట్‌మెంట్, ఫిర్యాదు చేస్తే కురేమ్ (క్లెయిమ్), కారు స్టీరింగ్ హందొరు (హ్యాండిల్). ఇవన్నీ ఇంగ్లీషు వేషంలో ఉన్న జపనీస్ మాటలు, అక్కడికి వెళ్ళాక ఒక్కొక్కటీ కాలికి తగులుతూనే ఉంటాయి. నువ్వు తెలివితక్కువదానివై కాదు అలా జరిగింది.

ఇండియన్ స్కూల్లో వేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఫీజు ఒక కారణం, దాచను. కానీ కింద పార్కులో పిల్లలతో నువ్వు కలిసిపోయి ఆడుతుంటే, వీళ్ళ బడికే పంపాలనిపించింది నాకు. 2011లో నువ్వు అయిదో తరగతి, భూకంపం వచ్చిన వసంతం అది. ఆ ఏప్రిల్ నుంచే ఇక్కడ అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు తప్పనిసరి చేశారు, వారానికి ఒక్క పీరియడ్, పాటలూ ఆటలూ. నువ్వు నేర్చుకున్నది జపాన్ పిల్లలు నేర్చుకున్న ఇంగ్లీషే. ఆ నిర్ణయం నాది, దాని బరువు నువ్వు మొయ్యనక్కర్లేదు.

నేను చాలాసార్లు ఆలోచించాను దీని గురించి. మనవాళ్ళకీ వీళ్ళకీ మాట చివర అచ్చు పడాల్సిందే. మనం బస్సు, డెస్కు, బల్బు అంటాం, వీళ్ళు బసు, డెసుకు, మిల్క్‌ని మిరుకు అంటారు. క్రియ కూడా అంతే, ‘నేను టీ తాగాను’లో తాగడం చివర, ‘ఓచా ఓ నోమిమాష్తా’లోనూ చివరే. ఇంగ్లీషులో అది మధ్యలోకి వచ్చేస్తుంది. నీ బుర్రలో రెండు భాషలు ఒకవైపు నడుస్తుంటే మూడోది ఎదురు వస్తుంది. ఒక్క క్షణం ఆగడం సహజం. ఆ ఆగిన క్షణంలో పక్కవాళ్ళు మాట అందుకుంటారు, అక్కడే నువ్వు నీ వంతు వదిలేస్తున్నావు. వదలకు. ‘ఒక్క నిమిషం, చెబుతాను’ అని ముందు చెయ్యి ఎత్తు, వాక్యం తర్వాత చూసుకోవచ్చు. క్లాసు మొదలైన అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి మాట్లాడాలని నియమం పెట్టుకో, సందేహమైనా సరే. రాత్రి పడుకునే ముందు పావుగంట పైకి చదువు. మనసులో చదివితే నోటికి పని ఉండదు. ప్రొఫెసర్‌కి ఆఫీస్ అవర్స్ ఉంటాయి కదా, వెళ్ళి కూర్చో. పొద్దున టిఫిన్ మానేసి వెళ్తే గొంతు రాదు, ఒక అరటిపండైనా తిను. ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను ఈ ఉత్తరం. సరే, అయింది.

ఒజీసాన్ పోయినసారి ఇంటర్వ్యూలో ఎందుకు తప్పాడో తెలుసా? బొమ్మ చూపించి ఎవరేం చేస్తున్నారో చెప్పమంటే, ఒక మాట గుర్తు రాక, తప్పు మాట అనడం ఇష్టం లేక, నోరు మూసుకుని కూర్చున్నాడు. చేపలకి సెలవని చెప్పిన మనిషే! పరీక్ష అనేసరికి హజుకాషీ, సిగ్గు. ఆ ఇంటర్వ్యూలో మొత్తం 33 మార్కులైతే అందులో 3 అటిట్యూడ్‌కే, అంటే మాట్లాడాలని ప్రయత్నించావా లేదా అన్నదానికి. అవి కూడా పోగొట్టుకున్నాడు.

కొత్త సంవత్సరానికి పిల్లలకి డబ్బు పెట్టి ఇచ్చే ఒతోషిదామా కవరు నీకు తెచ్చిచ్చాడు ఒజీసాన్. పాతికేళ్ళ పిల్లకి ఇదేమిటండీ అన్నా వినలేదు. లోపల కొత్త 5,000 యెన్ నోటు, త్సుదా ఉమెకో బొమ్మది, 2024 జూలైలో వచ్చింది కదా. ఆమె కథ నీకు బడిలో చెప్పే ఉంటారు, నాకు ఒజీసానే చెప్పాడు. 1871లో ఆరేళ్ళ పిల్లని ఓడెక్కించి చదువుకోమని అమెరికా పంపారు. 11 ఏళ్ళు అక్కడే. 17 ఏళ్ళకి తిరిగొస్తే జపనీస్ మరిచిపోయింది, సొంత తల్లితో మాట్లాడడానికి మాటల్లేవు. తర్వాత ఆమే 1900లో ఆడపిల్లలకి ఇంగ్లీషు బడి పెట్టింది, అది వేరే సంగతి. ఆ నోటు పట్టుకుని నేను ఆ తల్లి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను ఆ రాత్రి. కూతురు ఎదురుగా ఉంది, భాష లేదు. మనకి ఉంది కదా చిట్టీ. తెలుగులో చెప్పు, జపనీస్‌లో చెప్పు, రెండూ కలిపి చెప్పు, నాకు అర్థమవుతుంది. 19 రోజులు ఏమిటమ్మా.

వచ్చెయ్యాలని ఉంటే వచ్చెయ్, టికెట్ నేను కొంటాను, ఎందుకని ఎవరూ అడగకుండా చూసుకుంటాను. కానీ కొన్‌సెంతో అన్నందుకు మాత్రం రావద్దు.

నీ గది అలాగే ఉంది, ఫుతోన్ పరుపు మొన్న ఎండలో వేశాను. ఇవాళ పార్సిల్ కడుతున్నాను, కందిపొడి, చారుపొడి, ఉన్ని సాక్సులు మూడు జతలు, ఆ కవరు.

ఒక పని ఉంది నీతో. ఒజీసాన్‌కి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ కావాలి. నేను అడిగితే ఆయనకి భయం లేదు, మికాన్ వలుచుకుంటూ జవాబులు చెబుతాడు. ఎదురుగా వేరే మనిషి ఉండాలి. నువ్వు పరీక్ష పెట్టాలి. వచ్చే శనివారం మీకు రాత్రి 8 గంటలకి, మాకు ఆదివారం పొద్దున 10. బొమ్మ ఉన్న కార్డు ఫోటో తీసి దీనికి జతచేశాను, ముందు ఆయన చేత పేరాగ్రాఫ్ పైకి చదివించు, తర్వాత బొమ్మలో ఎవరేం చేస్తున్నారో అడుగు. జపనీస్‌లోకి దిగనివ్వకు. ఆయన మాట వెతుక్కుంటుంటే అందించకు, కాసేపు ఆగు. ఆయనకి ఇప్పటికే చెప్పేశాను నువ్వు ఒప్పుకున్నావని, ఆ రోజు ఆ యూనిఫాం వేసుకుని వస్తానన్నాడు. కెమెరా ఆన్ చెయ్యి.

నాన్న